చూపు ఎక్కడ ఆగాలి

అంతరగంగ మెట్ల మీద ఆ రోజు నన్ను మొదట ఆపింది పక్షి కాదు, పువ్వు. కోలారు ఊరిని ఆనుకుని ఉన్న శతశృంగ పర్వతాల్లో, ఆశ్వయుజంలో వాన వెలిసిన ఒక ఉదయం. రెండు రాతిమెట్ల సందున చిటికెనవేలి గోరంత నీలం పువ్వు. విష్ణుక్రాంతం. పొద్దున విచ్చుకుంటుంది, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. మూడడుగుల్లో లోకాలన్నీ కొలిచిన దేవుడి అడుగు పేరును మన పెద్దలు ఇంత చిన్న పువ్వుకు పెట్టారు. ఆ పేరులో భక్తి ఎంత, ఊహ ఎంత అన్నది నేను తేల్చలేను. ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ పేరు పెట్టినవారు నేలకు ఒంగి చూసి ఉంటారు. నిలబడి చూసేవారికి అదొక నీలం చుక్క, అంతే.

ఒంగి చూస్తుంటే ఒక ప్రశ్న వచ్చింది. నేను రాకముందు కూడా ఆ పువ్వు అందంగానే ఉందా? అందం పువ్వులో ఉందా, చూసే కంటిలో ఉందా అన్నది పాత తగాదా. దాన్ని కాసేపు పక్కన పెట్టి, తెలిసినదాని నుంచి మొదలుపెడదాం. ఆ నీలం నా కోసం పుట్టలేదు. పువ్వుల రంగూ వాసనా తేనే పురుగుల చూపుకూ ఆకలికీ తగినట్టు లక్షల ఏళ్ళలో తయారయ్యాయి. తేనెటీగ కంటికి అతినీలలోహిత కాంతి ఆనుతుంది, మన కంటికి ఆనదు. కాబట్టి పూరేకుల మీద మనం ఎన్నడూ చూడలేని గీతలు ఉంటాయి. మనం ముచ్చటపడుతున్న పువ్వు మనతో మాట్లాడటం లేదన్నమాట. ఇద్దరు మాట్లాడుకుంటుంటే దారిన పోతూ సగం విన్నాం. ఈ సంగతి తెలిశాక నా సంతోషం తగ్గిందా అని నన్ను నేను అడిగి చూసుకున్నాను. తగ్గలేదు. పెరిగిందనీ అనలేను. మారింది. మన కోసం కానిదాన్ని చూసి కూడా సంతోషించగలమని తెలిసింది. మనిషికి అలాంటి సంతోషం ఎందుకు కలుగుతుంది? మంచిగా బతకడానికీ దానికీ ఏమైనా సంబంధం ఉందా? ఆ రోజూ ఆ మరుసటి రోజులూ కోలారు కొండల్లో, బంగారు గనుల నేలలో తిరిగినంతసేపూ ఈ ప్రశ్నలే నా వెంట నడిచాయి.

ఈ జిల్లాలోనే, ముళబాగిలులో, 1887లో పుట్టిన డి.వి.గుండప్ప కన్నడంలో ‘వనసుమ’ అనే కవిత రాశారు. అడవిలో ఎవరి మెప్పూ కోరకుండా పూసే పువ్వులా తన జీవితం ఉండాలన్న ప్రార్థన అది. దాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు గౌరవంతో పాటు ఒక సందేహమూ కలుగుతుంది. మెప్పు కోరకపోవడమన్నది మనం పువ్వుకు అంటగట్టిన గుణం. కోరడమో మానడమో పువ్వు చేతిలో లేదు, మనిషి చేతిలో ఉంది. మెప్పు అందే చోట ఉండి కూడా దాన్ని వద్దనుకోవడం మనిషి తన అంతరాత్మతో మాట్లాడుకుని తీసుకునే నిర్ణయం. కవి కోరుకున్నది అదేనని నా నమ్మకం. కానీ ఇదే జిల్లాలో మూడు నాలుగు తరాల మనుషులు ఎవరి కంటా పడకుండా భూమి లోపల పని చేశారు. వాళ్ళెవరూ అలా ఉండాలని ప్రార్థించలేదు. మరుగున ఉండాలని కోరుకున్నవాడినీ, మరుగున పడిపోయినవాడినీ ఒకే పువ్వుతో పోల్చవచ్చా? ఈ ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను.

మెట్ల పైన కాశీ విశ్వేశ్వరుడి గుడి, కోనేరు, రాతి బసవన్న నోటి నుంచి ఏడాది పొడవునా పడే నీళ్ళు. కాశీలోని గంగే భూమి లోపలి దారిన ఇక్కడికి వచ్చిందని భక్తుల నమ్మకం. కొండరాతి పగుళ్ళలోకి ఇంకిన వాననీరు సన్నగా బయటికి ఊరుతోందని భూగర్భశాస్త్రం చెబుతుంది. రెండింటిలో పరీక్షకు నిలబడేది రెండోదే. అయినా అక్కడితో అంతా తేలిపోయిందని అనుకోలేం. కోలారులో ఏడాదంతా పారే నది ఒక్కటీ లేదు. బోరు వెయ్యి అడుగులు దిగినా నీళ్ళు పడతాయన్న భరోసా లేని నేల ఇది. అలాంటి చోట ఎండని ఊటను చూసి మనిషి చేతులు జోడించడంలో, ఇది నా కష్టం వల్ల వచ్చింది కాదన్న ఎరుక ఉంది. విష్ణుక్రాంతం ముందు ఒంగినప్పుడు నాకు కలిగిందీ దాదాపు అదే. అయితే ఆ నీటిని గంగగా కొలిచేవారిలోనే కొందరు మెట్ల పక్కన ప్లాస్టిక్ సీసాలు ఎందుకు పడేసి పోతారు? వాననీరు ఎలా ఇంకుతుందో చదువుకున్నవారే కొండలను రాళ్ళ కోసం ఎందుకు పగలగొట్టిస్తారు? నమ్మినంత మాత్రాన గానీ, తెలుసుకున్నంత మాత్రాన గానీ మనిషిలో బాధ్యత మేలుకోదనడానికి అక్కడ రెండు వైపులా సాక్ష్యం కనిపిస్తుంది.

గుడి దాటి పైకి వెళ్తే ఏనుగులంత గుండ్లు, వాటి మధ్య సీతాఫలం చెట్లు, తంగేడు పొదలు. మేకలు కాస్తున్న ఒక పెద్దావిడ కాసేపు నన్ను గమనించి దగ్గరికి వచ్చింది.

“ఏమి సార్, అంతసేపు దేన్ని చూస్తా ఉండారు?”

“ఈ పువ్వునమ్మా.”

“మందుకా?”

“కాదమ్మా, ఊరికే.”

“ఊరికే చూసేదానికి తీరిక ఉండాల గదా సార్,” అంది ఆమె. ఎత్తిపొడుపుగా కాదు, ఉన్న మాట చెప్పినట్టు. తరువాత తనే చుట్టూ ఉన్న మొక్కల పేర్లు చెప్పుకుంటూ పోయింది. ఏ ఆకు మేకకు బలం, ఏది తింటే కడుపు ఉబ్బుతుంది, ఏది పుండు మీద కట్టాలి. పేరు తెలియని ఒక పసుపు పువ్వును చూపిస్తే, “దానికి పేరు లేదు సార్. మేక తినేదానికీ మందుకొచ్చేదానికీ పేరుంటాది. తక్కిందంతా కంపే,” అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అవసరం నుంచి పుట్టిన చూపు ఆమెది, తీరిక నుంచి పుట్టిన చూపు నాది. వీటిలో ఏది మేలైనది? ప్రతిఫలం ఆశించని చూపు కాబట్టి నాదే అనబోయాను. కానీ ఆ వాదన నిలబడదు. ఊరికే చూడగలగడమే మంచి జీవితానికి గుర్తయితే, మంచి జీవితం తీరిక ఉన్నవాళ్ళ సొత్తయిపోతుంది. అది నేను ఒప్పుకోలేను. నేను ఇలా తర్కించుకుంటూ ఉండగానే ఆమె చెయ్యెత్తి, “అద్దో పిగిలి,” అంది. రాతి అంచున పొదలో పసుపు గొంతు పిగిలిపిట్ట. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షి. బైనాక్యులర్ మెడలో వేసుకున్న నాకంటే ముందు ఆమె చూసింది. ఆ పిట్టను మేక తినదు, దానితో మందూ చెయ్యరు. అయినా ఆమెకు దాని ఉనికి తెలుసు, దాన్ని ఇంకొకరికి చూపించాలనీ అనిపించింది. కనుక తీరిక లేనివారి చూపు అవసరం దగ్గరే ఆగిపోతుందన్న నా లెక్క తప్పు.

ఈ పిట్టను 1845లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు థామస్ జెర్డన్. నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన ఇంగ్లీషువాడు. 1862 నుంచి 1864 వరకు వెలువడిన ఆయన పక్షుల గ్రంథంలో ఎన్నో తెలుగు పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు ఆయనకు చెప్పింది వలలు పన్నేవాళ్ళూ వేటగాళ్ళూ అయ్యుంటారు. పుస్తకంలో పక్షుల పేర్లు మిగిలాయి, వాటిని చెప్పినవాళ్ళ పేర్లు మిగల్లేదు.

మన కవిత్వంలో మాత్రం ఆ వేటగాళ్ళు ఎరిగిన పిట్టలు తక్కువ. చకోరం, చాతకం, రాజహంస తరతరాలుగా పద్యాల్లో ఎగురుతున్నాయి. వెన్నెల తాగి బతికే చకోరమని చెప్పుకునే పక్షి వాయవ్య హిమాలయాల వైపు కొండల్లో గింజలు ఏరుకు తినే ఒక రకం కౌజు. తెలుగు నేల మీద అది లేనే లేదు. చాతకం మాత్రం మన దగ్గర ఉంది. నలుపు తెలుపు రెక్కలు, తల మీద కుచ్చు. వానచినుకు తప్ప మరేదీ ముట్టదని కథ. నిజానికి అది గొంగళిపురుగులు తింటుంది, గుడ్లు మాత్రం వేరే పిట్టల గూళ్ళలో పెడుతుంది. కథలో ఉన్నది నిరీక్షణ. అది మనిషిది, గొప్పదే. ఆ గొప్పతనాన్ని నేను కాదనను. కానీ కథను తలకెత్తుకుని పిట్టను చూడటం మానేస్తే, ఎదుట ఉన్న ప్రాణిని కాక మన ఊహనే చూస్తూ ఉండిపోతాం. మనుషుల విషయంలో మనం చేసే అన్యాయాల్లో చాలా వరకు ఇలాగే మొదలవుతాయని నాకు అనిపిస్తుంది. కులం పేరు వినగానే, ఊరి పేరు వినగానే ఎదుటివాడి గురించి మన దగ్గర కథ సిద్ధంగా ఉంటుంది.

పిట్టను చూసేవాడు రోజూ ఒక్కసారైనా తప్పు ఒప్పుకోవాలి. నాకు అది ఆవనిలో జరిగింది. ముళబాగిలు ప్రాంతంలోని ఈ కొండ దగ్గరే వాల్మీకి ఆశ్రమం ఉండేదనీ, లవకుశులు ఇక్కడే పుట్టారనీ స్థలపురాణం. కింద రామలింగేశ్వరుడి ప్రాచీన ఆలయాలు, కొండ మీద సీతమ్మ గుడి. దారిలో జిల్లేడు మొక్క మీద నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, తెల్లని చుక్కలు. ‘ప్లెయిన్ టైగర్’ అని పుస్తకంలో రాసుకున్నాను. మూడున్నర వేల ఏళ్ళ కిందటి ఈజిప్టు సమాధి గోడ మీద గుర్తుపట్టగలిగేలా గీసిన సీతాకోకచిలుక ఇదే. దీని గొంగళిపురుగు జిల్లేడు ఆకు తిని, ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. ఒకసారి రుచి చూసిన పక్షి మళ్ళీ దాని జోలికి పోదు. సాయంత్రం ఫొటో పెద్దది చేసి చూస్తే కింది రెక్క మీద మూడు నాలుగు నల్ల చుక్కలు ఉండవలసిన చోట ఒక్కటే ఉంది. అంటే అది వేరే జాతి ఆడది, ‘డానెయిడ్ ఎగ్‌ఫ్లై’. దాని ఒంట్లో విషం లేదు. విషం ఉన్నదాని కోక కట్టుకుని తిరుగుతుంది. ఇలాంటి పోలికలకు కారణాన్ని హెన్రీ బేట్స్ 1862లో అమెజాన్ అడవుల సీతాకోకచిలుకలను చూసి వివరించాడు.

ఇది మోసమా? అబద్ధం ఆడాలంటే ముందు నిజం తెలిసి ఉండాలి. ఆ చిలుకకు తన రంగే తెలియదు. కాకి గూట్లో గుడ్డు పెట్టే కోకిలను మనం తిట్టుకోవచ్చు, వసంతానికి దూతగా మెచ్చుకోవచ్చు. రెండూ దానికి తగలవు. బతికున్న గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగలు ఉన్నాయి. వాటి పిల్లలు ఆ పురుగును లోపలి నుంచి తింటూ పెరుగుతాయి. దయగల దేవుడు ఇలాంటిదాన్ని కావాలని సృష్టించి ఉంటాడని నమ్మడం తన వల్ల కాదని డార్విన్ 1860లో ఒక మిత్రుడికి రాశాడు. విశ్వాసి తప్పించుకోలేని ప్రశ్న అది. అయితే విశ్వాసం లేనివాడు కూడా నిశ్చింతగా ఉండలేడు. ప్రకృతిలో న్యాయం అన్నదే లేకపోతే, కందిరీగను చూసి మన గుండె కలుక్కుమనడం ఎక్కడి నుంచి వచ్చింది?

సీతమ్మ గుడి కింద బండ మీద కూర్చుని దీని గురించే ఆలోచించాను. నిండు చూలాలిని అడవిలో వదిలేయడం ధర్మమేనా అని తెలుగు, కన్నడ పల్లెల్లో ఆడవాళ్ళు ఎన్ని వందల ఏళ్ళుగా అడుగుతున్నారో. రాముడిని కొలుస్తూనే అడిగారు. అడిగినందువల్ల వాళ్ళ భక్తి తగ్గలేదు, భక్తి ఉందని ప్రశ్న ఆగలేదు. పక్కనే పొదలో పిట్టలు ఆ ప్రశ్న అడగవు. వాటికి అది లేకపోవడం లోపం కాదు. కానీ ఆ ప్రశ్న అడగకుండా ఉండలేని ప్రాణి కూడా ఆ కందిరీగ పుట్టిన మట్టిలోనే పుట్టింది. ప్రకృతి దయామయి అనేవారు, ప్రకృతి క్రూరం అనేవారు ఇద్దరూ ఈ ఒక్క ప్రాణిని లెక్కలో వేసుకోవడం మరచిపోతారు. మన అంతరాత్మ ఆకాశం నుంచి దిగిందో, నేల నుంచి మొలిచిందో నేను రుజువు చేయలేను. ఎక్కడి నుంచి వచ్చినా అది ఉంది, కొన్నిటిని చూసినప్పుడు నొస్తుంది. నాకు తెలిసింది అంతవరకే.

అది ఎక్కువగా నొచ్చిన చోటు బంగారు గనులు.

రాబర్ట్‌సన్‌పేట దాటాక దూరానికే సైనైడ్ దిబ్బలు కనిపిస్తాయి. రాతిని పిండి చేసి, సైనైడ్‌తో బంగారం తీసి, మిగిలిన బూడిదరంగు పొడిని గుట్టలుగా పోశారు. మూడు కోట్ల టన్నులకు పైనే ఉంటుందని లెక్క. వాటి మీద చెట్టు మొలవడం అరుదు. కానీ దిబ్బలకూ మూతపడ్డ షాఫ్టులకూ మధ్యనున్న ఖాళీ నేలల్లో గడ్డి మొలిచింది. ఆ గడ్డిలో భరతపక్షులు, కముజుపిట్టలు, దూరంగా మెడ ఎత్తి చూసే కృష్ణజింకలు. నేను నాలుగడుగులు వేశానో లేదో ఒక తీతువు నెత్తి మీద తిరుగుతూ అరవడం మొదలుపెట్టింది. తీతువు అరుపు చావు కబురని మన ఊళ్ళలో భయం. అది గులకరాళ్ళ మధ్య నేల మీదే గుడ్లు పెడుతుంది. దగ్గరికి వచ్చినవాడిని దూరంగా తోలడానికే ఆ కేకలు. బిడ్డలను కాచుకునే తల్లి గొంతును మనం అపశకునమని విన్నాం. నేను వెనక్కి అడుగులు వేశాను. అది కాసేపటికి ఊరుకుంది.

‘మనిషి తప్పుకుంటే ప్రకృతి తిరిగి వస్తుంది’ అన్న మాట అక్కడ నోటికి సులభంగా వస్తుంది. దాన్ని కాస్త పరీక్షిద్దాం. తప్పుకున్న మనిషి ఎవరు? 1880ల నుంచి జాన్ టేలర్ కంపెనీ, తరువాత ప్రభుత్వం ఇక్కడ గనులు నడిపాయి. నూట ఇరవై ఏళ్ళలో 800 టన్నులకు పైగా బంగారం బయటికి వచ్చింది. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగింది. శివనసముద్రం నుంచి 1902లో ఇక్కడికి కరెంటు వచ్చింది, బెంగళూరు వీధులకు ఆ తరువాత గానీ రాలేదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. తప్పుకున్నది పరిశ్రమ. మనుషులు తప్పుకోలేదు. తాతల నాటి నుంచి ఉన్న కార్మికుల ఇళ్ళ లైన్లలోనే వాళ్ళ మనవలు ఉన్నారు. తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు, రాత్రికి తిరిగి వస్తారు. ఎండాకాలం గాలి లేస్తే దిబ్బల పొడి వాళ్ళ ఇళ్ళలోకే కొడుతుంది. కృష్ణజింకను చూసి నేను సంతోషించిన మాట నిజం. ఆ జింక అక్కడ తిరగగలగడానికి కారణం ఆ లైన్లలో పోయిన జీతాలన్నదీ నిజమే. ఈ రెండో నిజాన్ని పక్కకు నెట్టి సంతోషిస్తే నా చూపు నిజాయితీగా ఉండదు.

ఎదుటి వాదన కూడా వినాలి. మనుషులకు పని లేని చోట పిట్టల లెక్కలు ఎందుకని అడిగేవారు ఉన్నారు. ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను. కానీ గనులు బాగా నడిచిన రోజుల్లో ఏం జరిగింది? ముప్పై వేల మందికి పైగా పనిచేసిన కాలంలో కూడా కార్మికులు తడికెల గుడిసెల్లోనే ఉన్నారు. దొరల బంగళాల చుట్టూ పూలతోటలు, గోల్ఫ్ మైదానం. లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. రాతిదుమ్ము పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడేవి. కొండలో బంగారం తప్ప మరేమీ కనిపించని చూపుకు కార్మికుడిలో కూలి తప్ప మరేమీ కనిపించలేదు. కాబట్టి నేలను పట్టించుకోకపోవడమూ మనిషిని పట్టించుకోకపోవడమూ ఒకే వేరు నుంచి వచ్చాయని ముగించవచ్చా? నాకూ అలా ముగించాలనే ఉంది. కానీ ఆ పూలతోటలు అడ్డం వస్తున్నాయి. గులాబీలను కంటికి రెప్పలా పెంచిన చేతులే ఆ గుడిసెలను ఏళ్ళ తరబడి అలాగే వదిలేశాయి. పువ్వును ప్రేమించినంత మాత్రాన మనిషి మీద దయ దానంతటదే పుట్టదు. ఆ దారి ఎవరికి వారు నడవాల్సిందే.

ఈ గనిలోనే ఇంకో చూపు కూడా ఉంది. 1965లో, ఛాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, టాటా పరిశోధన సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టారు. మిగతా కిరణాలన్నిటినీ రాయి ఆపేస్తుంది కనుక అంత లోతుకు వెళ్ళి, నెలల తరబడి కాచుకుని, వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన గుర్తుల కోసం చూశారు. ఆకాశం నుంచి వచ్చేదాన్ని చూడటానికి పాతాళానికి దిగారు. ఆ ఓర్పును తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. అదే లోతున డ్రిల్లు పట్టుకున్న మనిషి రొమ్ములో పేరుకున్న దుమ్ము కూడా కంటికి కనిపించనిదే. దాన్ని చూడటానికి అంత కష్టమైన పరికరం అక్కర్లేదు. ఎక్స్‌రే చాలు, తీయించాలన్న పట్టింపు ఉంటే. గుండప్ప పువ్వు దగ్గర వదిలేసిన ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇక్కడ దొరికింది. మరుగున ఉండాలని కోరుకున్నవాడికి గౌరవం ఇవ్వాలి. మరుగున పడిపోయినవాడి దగ్గరకు వెళ్ళి చూడాలి. ఒకే పోలిక ఇద్దరికీ సరిపోదు.

తిరుగుదారిలో ఒక చెరువు దగ్గర ఆగాను. 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువుల్లోకి వదులుతున్నారు. ఏళ్ళ తరబడి ఎండి, కంప మొలిచిన చెరువుల్లో ఇప్పుడు నీళ్ళున్నాయి, కొంగలున్నాయి. శుద్ధి సరిపోతుందా అన్న వివాదమూ ఉంది. కొంగ వాలింది కాబట్టి నీళ్ళు మంచివేనని ఒకాయన అక్కడ నాతో వాదించాడు. కొంగకు చేపలు కావాలి, అది నీళ్ళకు యోగ్యతాపత్రం ఇవ్వదు. గట్టు మీద లాంటానా కంప మీద మూగిన సీతాకోకచిలుకలూ అంతే. అమెరికా ఖండం నుంచి 19వ శతాబ్దం మొదట్లో తోటల అలంకారానికని తెచ్చిన ఆ మొక్క మన తంగేళ్ళనూ కలివి పొదలనూ తోసేస్తూ పెరిగింది. తేనె మాత్రం తియ్యగానే ఇస్తుంది. కంటికి ఇంపైనదల్లా మేలైనది కాదని ఒప్పుకోవడం పూలను ప్రేమించేవారికి కష్టమే. నాకూ కష్టంగానే ఉంది.

మరి కంటికి ఇంపు కాని దాని సంగతి? కోలారు దగ్గర హనుమనహళ్ళి గుట్టలో ఒక గుహ ఉంది. కోలారు ఆకుముక్కు గబ్బిలం అనే జాతి అందులో తప్ప ఈ భూమి మీద ఇంకెక్కడా ఉన్నట్టు తెలియదు. దాన్ని వేరే జాతిగా గుర్తించి పేరు పెట్టింది 1994లో. లెక్కపెడితే రెండు వందలకు లోపే. చుట్టూ గ్రానైట్ కోసం బండలు పగలగొట్టారు. 2016లో అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు, 2019లో కర్ణాటక ప్రభుత్వం దాని రక్షణకు పూనుకుంది. అరచేతిలో ఇమిడే ప్రాణి. ముక్కు చుట్టూ ఆకుల్లా మడతపడిన చర్మం. దాని మీద కవిత లేదు, దాని పేరున గుడి లేదు, దాన్ని ఫొటో తీసి గోడకు తగిలించుకునేవారు లేరు. పురుగులను తింటుంది కాబట్టి రైతుకు మేలని చెప్పవచ్చు. నిజమే, కానీ రెండు వందల గబ్బిలాలు పోతే పంట పోతుందని ఎవరూ ప్రమాణం చేయలేరు. అందం, ఉపయోగం, పుణ్యం, ఈ మూడూ తీసేశాక కూడా అది బతకాలని నాకు అనిపిస్తుందా? అనిపిస్తుంది. ఎందుకో చెప్పమంటే నా దగ్గర గట్టి తర్కం లేదు. నేను పుట్టకముందు నుంచీ అది అక్కడ ఉంది, నాకేమీ బాకీ లేదు, దాని చోటు దానికి చాలు. బండలు కొట్టి పొట్ట పోసుకునేవాడికి ఈ మాట ఎలా చెప్పాలో నాకింకా తెలియదు. అతనికి వేరే పని చూపించకుండా చెప్పకూడదని మాత్రం తెలుసు.

సాయంత్రం హనుమనహళ్ళి చేరాను. గుహలోకి టార్చి వేసి చూడాలన్న కోరిక నాకు లేదంటే అబద్ధం. ఇంత దూరం వచ్చి, ప్రపంచంలో ఇంకెక్కడా లేనిదాన్ని చూడకుండా పోవడమా అని లోపల ఒక గొంతు. కానీ వెలుతురు పడితే అవి బెదురుతాయి. గుహ వదిలేసి పోతే వాటికి రెండో చోటు లేదు. దారి పక్కనే నిలబడ్డాను. పొద్దు కుంకింది. చింతచెట్టు మీది కాకులు సద్దుమణిగాయి. గుట్ట వైపు నుంచి ఏదో ఒకటి తల మీదుగా చప్పుడు లేకుండా దాటిపోయింది, వెనకే ఇంకొకటి. ఆ గుహలో వేరే జాతుల గబ్బిలాలు కూడా ఉంటాయి. నేను చూసింది ఆ ఆకుముక్కు గబ్బిలమో కాదో చీకట్లో ఎలా తెలుస్తుంది? జేబులోంచి పుస్తకం తీసి, తేదీ వేసి, ‘గబ్బిలాలు, రెండు’ అని రాసుకున్నాను.